వికారి నామ సంవత్సరపు కాడిలాక్

మా పక్కింటి పెద్దాయనకి నా మీద కోపం వచ్చింది ఒక్కసారే. మేం ఈ ఇంట్లోకి మారిన తొలి వేసవిలో ఒక ఆదివారం ఆయన గరాజు తలుపు పైకి లేచింది. లోపల్నించి ఒక పాత షెవర్లే మెల్లగా వెనక్కి వెనక్కి బయటికొచ్చింది. కింద నీలం, పైన దంతం రంగు. నేను కంచె దగ్గర నిలబడి, కొత్తగా వచ్చిన పొరుగువాడి మర్యాదకి, "ఫిఫ్టీ సెవెన్ షెవీ కదండీ, భలే ఉంది" అన్నాను. పాత అమెరికన్ కార్లలో అప్పటికి నాకు తెలిసిన పేరు అదొక్కటే. ఆయన ఇంజను ఆపి దిగారు. "ఫిఫ్టీ సిక్స్" అన్నారు, ఎవరైనా మన ఇంటిపేరు తప్పు పలికితే చూస్తామే, అలా చూస్తూ. తర్వాత నన్ను బండి వెనక్కి తీసుకెళ్లి, ఎడమవైపు లైటు దగ్గర ఏదో తిప్పారు. లైటు లైటంతా తలుపులా తెరుచుకుంది. దాని వెనకాల పెట్రోలు మూత.

"56లో ఇక్కడ. 55లో పక్కన మామూలు తలుపే ఉండేది. 57లో రెక్క చివరి క్రోము పట్టీ వెనకాల దాచారు. ఒకసారి చూశావుగా, ఇక తప్పు చెప్పవు" అన్నారు.

మళ్లీ తప్పు చెప్పలేదు. కానీ ఒక సందేహం అప్పట్నించీ తొలుస్తూనే ఉంది. ఒక్క ఏడాది తేడాకి అంత పట్టింపు ఏమిటి? మా రేపల్లెలో అంబాసిడర్ ఉన్నవాణ్ణి ఆపి "ఇది ఏ సంవత్సరం బండి?" అని అడిగితే, కొనడానికొచ్చావా అని ఎదురు అడుగుతాడు. కొనేవాడికి తప్ప ఇంకెవడికీ అక్కర్లేని ప్రశ్న అది.

నేనుండేది డెట్రాయిట్ శివార్లలో. కార్లకి వైరింగ్ హార్నెస్‌లు, అంటే లోపలి కరెంటు తీగల కట్టలు, డిజైన్ చేయడం నా ఉద్యోగం. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల తెలుగువాళ్లలో చాలామందికి కార్లే కూడు పెడుతున్నాయి. అయినా పాత కార్ల మీద మాలో ఎవరికీ పెద్ద మోజు లేదు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అని ఒక తిరనాళ్ల జరుగుతుంది. వేలకొద్దీ పాత బండ్లు ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా బారులు తీరుతాయి. మేమూ వెళ్తాం, పిల్లల్ని ఏదో ఒక ఎర్ర మస్టాంగ్ పక్కన నిలబెట్టి ఫోటో తీస్తాం, తెచ్చుకున్న పులిహోర తినేసి వచ్చేస్తాం. (పిల్లల సాకర్ మైదానానికి డబ్బులు పోగేద్దామని 1995లో ఫెర్న్‌డేల్ వాళ్లు మొదలుపెట్టిన సంబరం అది. మన ఊళ్లలో గుడి ప్రాకారానికి చందాలని మొదలెట్టిన నాటకాల పోటీలు ప్రాకారం లేచాక కూడా నడిచినట్టు, అదీ నడుస్తోంది.)

ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పడగానే ప్రతి ఏడూ ఒకే మాట వస్తుంది. "ఆ రోజుల్లో ఇనుమే వేరు బ్రదర్. ఇప్పటివన్నీ రేకు డబ్బాలు." ఈ మాటకి నాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలో బీమా కంపెనీలు పెట్టుకున్న రహదారి భద్రతా సంస్థ ఒకటుంది. 2009లో తన యాభయ్యేళ్ల పండగకి అది ఒక 1959 బెల్ ఎయిర్‌ని, ఒక 2009 మాలిబూని గంటకి 40 మైళ్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. రెండూ షెవర్లేలే. వీడియో ఇప్పటికీ దొరుకుతుంది, భోజనం చేశాక మాత్రం చూడకండి. పాత బండి ముందు భాగమంతా డ్రైవరు ఒళ్లోకి వచ్చి పడింది. స్టీరింగు, లోపల కూచోబెట్టిన బొమ్మ గుండెల మీదికి వచ్చింది. లోపల మనిషే ఉంటే అక్కడికక్కడే పోయేవాడని తేల్చారు. మాలిబూలో ఉంటే కాలికి చిన్న దెబ్బ. బండిలో ఇనుము ఎంతుందన్నది కాదు లెక్క, ఎక్కడ నలగాలో, ఎక్కడ ససేమిరా నలగకూడదో దానికి తెలియాలి. ఆ చదువు చెప్పించింది 1965లో రాల్ఫ్ నేడర్ అనే లాయరు కార్ల భద్రత మీద లేవదీసిన గొడవ, ఆ మరుసటి ఏడాది వచ్చిన భద్రతా చట్టం. అప్పట్లో అన్ని బండ్లూ కలిసి పది కోట్ల మైళ్లు తిరిగితే అయిదుగురికి పైగా చనిపోయేవాళ్లు. ఇప్పుడది ఒకటిన్నర లోపు.

"సరే, పవరో?" అంటారు. 1964లో పాంటియాక్ అనే కార్ల కంపెనీలో జాన్ డిలోరియన్ బృందం ఒక మధ్యరకం బండిలో పెద్ద బండి ఇంజను దూర్చి జీటీవో అని పేరు పెట్టి వదిలింది. మజిల్ కార్ల గోల అక్కడ ఊపందుకుంది. వాటి చప్పుడు గుండెల్లో దడ పుట్టిస్తుంది, కాదనను. కానీ ఆనాటి హార్స్‌పవర్ అంకెలు ఫ్యాను, సైలెన్సరు లాంటివి తీసేసి ఉత్త ఇంజన్ని స్టాండు మీద పెట్టి కొలిచినవి. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవాల్సి వచ్చేసరికి అంకెలు దబ్బున కిందపడ్డాయి. పైగా ఆ ఇంజన్లు అంత బిగువుగా పనిచేసింది పెట్రోల్లో సీసం కలపబట్టి. 1921లో జనరల్ మోటార్స్ లేబొరేటరీలో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టిన చిట్కా అది. ఆ పొగ ఎన్ని ఊళ్ల పిల్లలు పీల్చారో. ఇవాళ్టి ఫ్యామిలీ సెడాన్లలో కొన్ని, సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే ఆ పాత పహిల్వాన్లలో చాలామందిని వెనక వదిలేసి పోతాయి.

ఇనుమూ కాదు, పవరూ కాదు. అందం అంటారా, ఒప్పుకుంటాను. కానీ అందగత్తెలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అదే కాలపు ఇటలీ కార్లు ఇంతకన్నా నాజూకైనవి.

ఆరేడు ఆగస్టులు వుడ్‌వర్డ్ పక్కన మడతకుర్చీ వేసుకుని కూచుని, వచ్చేపోయేవాళ్ల మాటలు విన్నాను. బండి ఆగగానే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఏ సంవత్సరం? ఎంత ఖరీదు అని కాదు, ఎంత స్పీడు అని కాదు. అసలు పేరే అలా ఉంటుంది. ఫిఫ్టీ సెవెన్ షెవీ, సిక్స్టీ ఫైవ్ మస్టాంగ్, ఫిఫ్టీ నైన్ కాడీ, అంటే కాడిలాక్. మనకి ఇంటిపేరు ముందొచ్చి సొంత పేరు తర్వాత వచ్చినట్టు, వీటికి సంవత్సరం ముందు, కంపెనీ తర్వాత. 1932 ఫోర్డుకైతే కంపెనీ పేరు కూడా రాలిపోయి ఉత్త 'డ్యూస్' మిగిలింది. డ్యూస్ అంటే రెండు, సంవత్సరం చివరంకె. ఇంతకాలం విన్నాక నాకు అర్థమైంది చెప్తాను. వీళ్లు గరాజులో దాచుకుంటున్నది ఒక తేదీని. నాలుగు చక్రాలు, ఒక బానెట్టు, ఒక డిక్కీ ఉన్న తేదీ. ఇంకో మాట కూడా కలుపుతాను, మా పక్కింటాయన వింటే మళ్లీ కోపం వస్తుంది. ఆ తేదీ ముద్ర కొట్టింది ఎవరి ప్రేమా కాదు, శుద్ధ వ్యాపారం.

అదే వుడ్‌వర్డ్ మీద దక్షిణంగా పోతే హైలాండ్ పార్క్ వస్తుంది. హెన్రీ ఫోర్డు 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టిన ఫ్యాక్టరీ భవనాలు ఇంకా అక్కడున్నాయి. మోడల్ టీ ఛాసిస్ బిగించడానికి అంతకు ముందు పన్నెండున్నర గంటలు పట్టేది. లైను వచ్చాక గంటన్నర. 1908లో 850 డాలర్లున్న బండి చివరికి 300 లోపుకి దిగింది. 1927 దాకా 19 ఏళ్లలో కోటిన్నర బండ్లు చేశాడు, దాదాపు ఒకే రూపు. 1914 నుంచి 1925 దాకా రంగు కూడా ఒక్క నలుపే. ఫోర్డు దృష్టిలో అవసరానికి మించిన మార్పు డబ్బు తగలెయ్యడం. అంటే అమెరికా తన అంబాసిడర్‌ని మనకంటే చాలా ముందే చేసుకుంది.

అప్పటికే దేశంలో కారు కావలసినవాళ్లలో చాలామందికి కారు ఉంది. ఉన్నవాడి చేత ఇంకోటి కొనిపించడం ఎలా? ఈ ప్రశ్నకి జవాబు వెతికినవాడు జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ స్లోన్. షెవర్లే దగ్గర మొదలెట్టి కాడిలాక్ దాకా మెట్లు కట్టాడు, జీతం పెరిగే కొద్దీ మెట్టు ఎక్కమని. కిస్తీల మీద ఇప్పించే సొంత ఫైనాన్సు సంస్థని జనరల్ మోటార్స్ 1919లోనే పెట్టుకుంది. వారాల తరబడి ఆరాల్సిన రంగు గంటల్లో ఆరిపోయే డ్యూకో పెయింటు వచ్చి, నలుపు తప్ప దిక్కులేదన్న రోజులు పోయాయి. ఇక అసలు మంత్రం ఏడాదికో కొత్త రూపు. ఇంజను పాతదే, ఛాసిస్ పాతదే, పైన రేకు వంపు మారుతుంది, ముందు జాలీ మారుతుంది, వెనక లైట్లు మారతాయి. నిరుడు కొన్నవాడు ఈ ఏడు వీధిలోకి రాగానే తన బండి పాతబడిపోయినట్టు అనిపించాలి.

ఆ అనిపించే పని చేయడానికి 1927లో లాస్ ఏంజెలెస్ నుంచి హార్లీ ఎర్ల్‌ని తెచ్చుకున్నారు. సినిమా తారలకి కార్ల బాడీలు కట్టించి ఇచ్చినవాడు. బంకమట్టితో బండి నమూనా చేసి చూడటం పెద్ద కంపెనీల్లో అలవాటు చేసింది ఆయనే. 1941లో డెట్రాయిట్ దగ్గరి సెల్ఫ్రిడ్జ్ విమానాల స్థావరంలో తన మనుషులతో కలిసి పి-38 యుద్ధ విమానం చూశాడు. దానికి రెండు తోకలు. యుద్ధం కోసం 1942 ఫిబ్రవరిలో మామూలు కార్ల తయారీ మొత్తం ఆపేశారు కాబట్టి ఆ తోకలు ఆయన బుర్రలోనే ఉండిపోయి, 1948 కాడిలాక్ వెనకాల రెండు చిన్న రెక్కలుగా మొలిచాయి. అక్కడ్నించి ఏడాదికింత పెరుగుతూ పోయాయి. విమానానికైతే తోక దారి తప్పకుండా పట్టి ఉంచుతుంది. కారుకి అవి చేసే పని ఒక్కటే, ఇది నిరుటి బండి కాదని చెప్పడం.

పంచాంగం ఎరిగినవాళ్లకి ఇక్కడ ఒక సరదా ఉంది. ఈ కార్ల సంవత్సరం జనవరిలో మొదలవదు. కొత్త మోడళ్లు అంతకు ముందు శరత్కాలంలోనే వచ్చేసేవి. షోరూమ్ అద్దాలకి కాగితాలు అంటించి, లోపల బండ్ల మీద గుడ్డ కప్పి, ఫలానా రోజున తెరలు తీసేవాళ్లట. ఊరంతా చూడటానికి వెళ్లేదని మా పక్కింటాయన చెప్తారు. మనకి చైత్రంలో ఉగాది, వాళ్లకి రాలే ఆకుల్లో ఉగాది. ప్రతి ఉగాదికీ మనం ఒక పేరు పెట్టుకున్నట్టే వాళ్లు ప్రతి ఏడుకీ ఒక వెనక లైటు పెట్టుకున్నారు. పంచాంగం పక్కన పెట్టి చూస్తే 1955 మన్మథ. షెవర్లేకి తేలికైన కొత్త వీ8 ఇంజను వచ్చిన ఏడు, చూడముచ్చటైన బండి, పేరుకి తగ్గట్టే ఉంది. 1964 క్రోధి. ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్లో ఫోర్డు మస్టాంగ్‌ని బయటికి తెచ్చింది, 2,368 డాలర్లకి. ఏడాదిలో నాలుగు లక్షలు దాటి అమ్మింది. క్రోధం వచ్చి ఉంటే పోటీ కంపెనీలకి వచ్చి ఉంటుంది. 1959 వికారి. ఇది మాత్రం ఎవరో కావాలని పెట్టినట్టే ఉంటుంది.

ఎందుకంటే 1957కి క్రైస్లర్ కంపెనీలో వర్జిల్ ఎక్స్‌నర్ అనే డిజైనరు ఎర్ల్‌ని మించిన రెక్కలు పెట్టాడు. క్రైస్లర్ వాళ్లదే అయిన ప్లిమత్ బండి ప్రకటనల్లో "ఉన్నట్టుండి 1960 వచ్చేసింది" అని రాశారు. బండి అమ్మడానికి తేదీనే కేక పెట్టారంటే నా వాదనకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ బండ్లు త్వరగా తుప్పు పట్టాయి, అది వేరే సంగతి. 1956 వేసవిలో జనరల్ మోటార్స్ డిజైనరు ఒకాయన క్రైస్లర్ ఫ్యాక్టరీ కంచె సందుల్లోంచి వాటిని చూసి పరిగెత్తుకుంటూ వెళ్లి మిగతావాళ్లకి చెప్పాడు. వీళ్లు 1959కి అనుకున్నవన్నీ చించేసి మళ్లీ మొదలెట్టారు. ఆ కంగారులోంచి పుట్టిందే 1959 కాడిలాక్. ఎత్తుగా లేచిన రెక్కలు, ఒక్కో రెక్కకి రెండేసి తూటాల్లాంటి ఎర్ర లైట్లు. వికారానికి కూడా ఒక గొప్ప స్థాయి ఉంటుందని నాకు దాన్ని చూశాకే తెలిసింది. మరుసటి ఏడు అదే కాడిలాక్ రెక్కలు తగ్గించుకుంది, 1965కల్లా వదిలేసింది. అందుకే ఆ రెక్కలు కనపడగానే పదేళ్ల పిల్లాడు కూడా ఫిఫ్టీ నైన్ అనేస్తాడు. ఇంకే ఏడాదీ అది అయ్యే వీల్లేదు.

తాజాదనం మీద నడిచే ఈ వ్యాపారం ఎంత కర్కశమైనదో 57 షెవర్లేని అడగండి. ఇవాళ క్యాలెండర్ల మీద, హోటల్ గోడల మీద పాత అమెరికా అంటే అదే బొమ్మ. వచ్చిన ఏడు మాత్రం అది అమ్మకాల్లో ఫోర్డు చేతిలో ఓడిపోయింది. ఫోర్డు బాడీ పూర్తిగా కొత్తది, షెవర్లే బాడీ మూడో ఏడు నడుస్తున్నది. జనానికి అది పాచి బండి.

మా పక్కింటాయన గరాజులో ఉన్నది ఆయన నాన్న కొన్న బండి కాదని నాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. ఆయన నాన్న ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసేవారు. పదేళ్ల కొడుకుని వెంటబెట్టుకెళ్లి కిస్తీల మీద 56 కొన్నారు. కిస్తీలు తీరాయో లేదో, 59లో అది ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నారు. పాతదాని గురించి ఇంట్లో ఎవరూ రెండో మాట అనలేదట. కొడుకు రిటైరయ్యాక ఆరేళ్లు వెతికి, ఒహాయోలో ఎవరిదో కొట్టంలో అదే ఏడాదిది, అదే రెండు రంగుల్లోది పట్టుకుని, తుప్పు గీకించి, లోపల సీట్లు కొత్తగా కుట్టించారు. పైన ఉన్న ఆ దంతం రంగుని కంపెనీ వాళ్లు 'ఇండియా ఐవరీ' అనేవాళ్లని నాకు ప్రత్యేకంగా చెప్పారు, మా వైపు చుట్టరికం కలుపుతున్నట్టు. తండ్రి చేత బండి వదిలించిన కిటుకూ, కొడుకు చేత ఆరేళ్లు వెతికించిందీ ఒకటే. ఆ బండి పదేళ్లు అలాగే వచ్చి ఉంటే, ఆయన పదో ఏడు దాని మీద ముద్ర పడేదే కాదు.

మాకు అలాంటి ముద్రలు లేవు. మా తాతయ్య యుద్ధం రోజుల్లో బొగ్గు బస్సు మీద క్లీనరుగా చేశాడు. బస్సు వెనకాల పొయ్యి, అందులో బొగ్గు రాజేసి ఆ గ్యాసుతో నడపడం. పెట్రోలు దొరక్క చేసిన ఏర్పాటు. బాడీ ఇక్కడి వడ్రంగులది, కింద ఛాసిస్ అమెరికాది. తాతయ్య దాన్ని చివరిదాకా 'షవర్లెట్టు' అనేవాడు. ఏ సంవత్సరం షవర్లెట్టు అన్నది ఆయనకి తట్టని ప్రశ్న. జనరల్ మోటార్స్ 1928 నుంచే బొంబాయిలో బండ్లు బిగించింది, ఫోర్డు అంతకన్నా ముందే మన దేశానికి వచ్చింది. 1954 కల్లా ఇద్దరూ సర్దుకుని వెళ్లిపోయారు. తర్వాత మనకి మిగిలింది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులోంచి వచ్చిన అంబాసిడర్. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా దాదాపు అదే ముఖం. దాని మీద మనకున్న ప్రేమ నిజమైనదే, కానీ అందులో ఏళ్లు లేవు. 1965 జ్ఞాపకమూ 1985 జ్ఞాపకమూ ఒకే డిక్కీలో పడి ఉంటాయి.

హవానాలో ఇంకో వింత జరిగింది. 1959 విప్లవం తర్వాత కొత్త అమెరికన్ బండ్లు రావడం ఆగిపోయింది. ఉన్నవాటికే రష్యా ఇంజన్లు, ఎక్కడెక్కడివో డీజిలు ఇంజన్లు తగిలించి టాక్సీలుగా తిప్పుతున్నారు. మూడేళ్లలో మార్చెయ్యమని చేసిన బండ్లు అరవై ఏళ్లు బతికాయి. పైకి బెల్ ఎయిర్, చేసే పనిని బట్టి చూస్తే అంబాసిడర్.

ఇక వుడ్‌వర్డ్ మీద కూచున్నప్పుడు నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది. బండ్ల బారు మొదలయ్యేది ఫెర్న్‌డేల్లో, అంటే ఎయిట్ మైల్ రోడ్డుకి సరిగ్గా ఇవతల. డెట్రాయిట్ నగరం అవతల అయిపోతుంది. జనం ముచ్చటపడే ఆ ఏళ్లలోనే నగరంలో నల్లవాళ్ల పేట బ్లాక్ బాటమ్‌ని కూల్చేశారు. వాళ్ల దుకాణాలు, పాటల క్లబ్బులు ఉన్న హేస్టింగ్స్ వీధి మీదుగా ఫ్రీవే వేశారు. దాని పేరు క్రైస్లర్ ఫ్రీవే. ఆ రోడ్ల మీద కారులో దూర ప్రయాణం చేసే నల్లవాళ్లు ఏ ఊళ్లో తమకి గది ఇస్తారో, ఎక్కడ ఇవ్వరో ముందే పుస్తకంలో చూసుకుని బయల్దేరాల్సి వచ్చేది. నా సంగతే చూస్తే, 1956లో భారతదేశం నుంచి వలసకి ఏడాదికి 100 మందికే అనుమతి. పెద్దాయన మురిసిపోయే తేదీలో ఆయన పక్కింట్లో నేనుండే అవకాశమే లేదు. ఈ మాట ఆయనతో ఒకసారి అన్నాను. కాసేపు క్రోము పట్టీ తుడుస్తూ ఉండి, "మా వీధిలో అప్పుడు అందరూ మాలాంటివాళ్లే. ఎందుకని ఎవరూ అడగలేదు" అన్నారు. అంతకు మించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

నా వాదనకి అడ్డం తిరిగేవి ఉన్నాయి. మోడల్ టీ మీద ప్రాణం పెట్టేవాళ్లు ఉన్నారు, దానికి ఏళ్ల తేడాలు కనిపెట్టడం నిపుణులకే చేతనవుతుంది. జీపు ఉంది. యుద్ధంలో పుట్టి, మహీంద్రా వాళ్ల చేతిలో పడి, మన పొలాల గట్ల మీదా పోలీసు స్టేషన్ల ముందూ దశాబ్దాలు అదే ముఖంతో తిరిగింది. దాన్ని ప్రేమించేవాళ్లకీ తేదీ అక్కర్లేదు. వాటికి ఇంకేదో కారణం ఉంది. బహుశా ఎవరైనా స్పానరు పట్టుకుని బాగుచేసుకోగలగడం. అది వేరే వ్యాసం.

ఇప్పుడు నేను పనిచేసే బండ్లకి ఆరేడేళ్లు ఒకే రూపు. మధ్యలో బంపరు, లైట్లు కొంచెం దిద్దుతాం. మిగతా మార్పులన్నీ సాఫ్ట్‌వేరులో, రాత్రిపూట బండి నిద్రపోతున్నప్పుడు వచ్చి చేరతాయి. నేను గీసిన హార్నెస్ ఉన్న బండి ఎదురుగా వెళ్తున్నా అది ఏ ఏడుదో నేనే చెప్పలేను.

మొన్న ఆగస్టులో పెద్దాయన పక్కన మడతకుర్చీలో కూచున్నప్పుడు, మా నాన్న టాక్సీ ఫోటో ఫోన్లో చూపించాను. తెల్ల అంబాసిడర్, బానెట్టుకి ఆనుకుని నాన్న. ఆయన ఫోన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, అడిగేది అడిగేశారు. ఏ సంవత్సరం? అక్కడ్నించే రేపల్లెకి ఫోన్ చేశాను. మన వైపు అర్ధరాత్రి కావస్తోంది, నాన్న ఇంకా మేలుకునే ఉన్నాడు.

"ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు కొన్నాం కదరా, సెకండ్ హ్యాండు."

"కొన్నది కాదు నాన్నా. బండి ఏ సంవత్సరందని."

"అంబాసిడర్‌కి సంవత్సరం ఏంట్రా?" అన్నాడు. కాసేపాగి, "ఎవడన్నా కొంటానంటున్నాడా?" అని అడిగాడు. ఆ బండి అమ్మేసి ముప్ఫై ఏళ్లయింది.